రఘుపతి వెంకయ్య

రఘుపతి వెంకయ్య నాయుడు (1869 అక్టోబరు 15 - 1941 మార్చి 15) ఛాయాచిత్రకారుడు, చలనచిత్ర ప్రదర్శకుడు, నిర్మాత. తెలుగు సినిమా పితామహుడుగా ప్రసిద్ధుడు. కృష్ణా జిల్లా మచిలీపట్నంలో జన్మించి, మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ, నలభై ఏళ్ళ వయస్సులో ఉన్న ఆస్తినంతటినీ పణంగా పెట్టి బొమ్మలు కదిలే యంత్రాన్ని తెప్పించాడు. దక్షిణ భారతదేశంలోను, సింహళంలోను, బర్మాలోను చిత్రప్రదర్శనలు ఇచ్చి, మద్రాసులో సినిమా హాళ్ళు కట్టించాడు. కుమారుడు రఘుపతి సూర్యప్రకాష్ ద్వారా భీష్మ ప్రతిజ్ఞ అనే మూకీ చిత్రాన్ని నిర్మించాడు.

వెంకయ్యను గురించి చెప్పేటప్పుడు సాధారణంగా సినిమాతోనే మొదలుపెడతారు. అయితే ఆయన జీవితంలో సుమారు ఇరవైయేళ్ళు నిశ్చల ఛాయాచిత్రాలతో గడిచాయి. కదలని పటంలో కదలికను, కథను ఎట్లా చూపాలి అనేది ఆ కాలపు ప్రతి ఫొటోగ్రాఫరుకూ ఎదురైన చిక్కు. ఆ చిక్కును తెలుసుకుంటేగాని, బాగా సాగుతున్న స్టూడియోను తాకట్టు పెట్టడానికి ఒక మనిషి ఎందుకు సిద్ధపడ్డాడో అర్థం కాదు. అందువలన ఈ వ్యాసంలో ఆ విషయానికి కొంత ఎక్కువ చోటు ఇవ్వబడింది.

పుట్టిన ఊరు, కుటుంబం

మచిలీపట్నం లేదా బందరు 17వ శతాబ్దం నుండి డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు వర్తకం చేసిన రేవు పట్టణం. ఆంగ్లేయులు ఇక్కడ 1611లో వర్తకస్థానం ఏర్పరచుకున్నారు. వెంకయ్య పుట్టుకకు ఐదేళ్ళ ముందు, 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో పట్టణంలోను చుట్టుపట్ల గ్రామాలలోను సుమారు 30,000 మంది మరణించారు. ఆయన బాల్యం ఆ దెబ్బనుండి తేరుకుంటున్న ఊరిలో గడిచింది.

రఘుపతి వారిది సైనికోద్యోగాలు చేసిన కుటుంబం. వెంకయ్య అన్నగారు రఘుపతి వెంకటరత్నం నాయుడు (1862-1939) తెలుగునాట సుప్రసిద్ధుడైన విద్యావేత్త, సంఘసంస్కర్త, బ్రహ్మసమాజ నాయకుడు. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగాను, తరువాత మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగాను పనిచేశాడు. భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపినవారిలో ఆయన ముఖ్యుడు. ఒకే ఇంటినుండి ఒకరు బళ్ళలోకి, మరొకరు బొమ్మలలోకి వెళ్ళారు. అన్నగారిని గురించి గ్రంథాలే ఉన్నాయి. తమ్ముని గురించి మిగిలినది స్వల్పం.

బందరు పరిసరాలలో బొమ్మలతో కథ చెప్పడం కొత్త సంగతి కాదు. డెల్టా పల్లెలలో తోలుబొమ్మలాటలు ఆడేవారు. ఈ బొమ్మలలో చాలాభాగం ప్రక్కకు తిరిగిన ముఖాలతో ఉంటాయి. అందువలన బొమ్మ ఏ దిక్కుకు చూస్తున్నదో అదే దాని ప్రయాణదిక్కు. హనుమంతుడు లంకకు పోతున్నాడా, సీత జాడ తెలుసుకొని తిరిగివస్తున్నాడా అన్నది బొమ్మను తెరపై ఏ వైపునుండి ఏ వైపుకు నడిపించారు అన్నదానినిబట్టి పల్లెటూరి పిల్లవానికి కూడా తెలిసిపోతుంది. అద్దకానికి పేరుబడ్డ బందరు కలంకారీలో పూలు, తీగెలే ఎక్కువ. కథలు చెప్పే కలంకారీ శ్రీకాళహస్తిది. అక్కడ రామాయణ ఘట్టాలు వరుసలు వరుసలుగా, ఒక గడి తరువాత ఒక గడిగా సాగుతాయి. ఇవన్నీ వెంకయ్యపై ఎంత ప్రభావం చూపాయని చెప్పడానికి ఆధారం లేదు. ఆయన పుట్టిన నేలపై కదిలే నీడల కథ అప్పటికే ఉన్నదని మాత్రం గుర్తుంచుకోవాలి.

మద్రాసు, ఫొటో స్టూడియో

వెంకయ్య 1886లో, పదిహేడవ ఏట మద్రాసు చేరాడు. మొదట చిత్రాలు గీసి, శిల్పాలు చేసి జీవించాడు. తరువాత ఛాయాచిత్రకళ నేర్చుకొని మౌంటురోడ్డులో స్టూడియో నెలకొల్పాడు. మౌంటురోడ్డు (నేటి అణ్ణా సాలై) ఆనాడు దొరలు, జమీందారులు, వకీళ్ళు, వర్తకులు తిరిగే ప్రధాన వీధి. ఆ వీధిలో స్టూడియో నిలబడిందంటే పనితనం ఉన్నట్లే భావించాలి.

అప్పటికి ఫొటోగ్రఫీలో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు గాజుపలకకు అప్పటికప్పుడు మందు పూసి, తడి ఆరకముందే పటం తీసి కడగవలసి వచ్చేది. 1880 ప్రాంతం నుండి కర్మాగారంలో తయారైన డ్రై ప్లేట్లు దొరకసాగాయి. పని తేలికయింది, ప్లేటుకు వెలుతురు తగలవలసిన కాలం తగ్గింది. అయినా స్టూడియో లోపల, కిటికీ వెలుగులో, మనిషి కొద్ది క్షణాలు బిగుసుకొని ఉండవలసిందే. తల కదలకుండా వెనుకనుండి పట్టి ఉంచే ఇనుప కొయ్యలు స్టూడియోలలో ఉండేవి. పాత ఫొటోలలో మన తాతముత్తాతలు అంత గంభీరంగా కనిపించడానికి ఇదొక కారణం.

కదలని పటంలో నడక దిక్కు

ఆనాటి కెమెరాలో పటం చూసుకోవడానికి వెనుక గరుకు గాజు ఉండేది. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకొని ఆ గాజుపై చూస్తే బొమ్మ తలక్రిందులుగా ఉంటుంది. ఇది చాలామందికి తెలుసు. కుడియెడమలు కూడా తారుమారవుతాయన్న సంగతి మాత్రం అంతగా పట్టించుకోరు. కుడినుండి ఎడమకు నడిచే మనిషి గాజుపై ఎడమనుండి కుడికి నడుస్తాడు. అంటే ఆ కళలో ఉన్నవాడు ప్రతి పటానికీ దిక్కును మనస్సులో త్రిప్పుకొని చూడాలి. ఇరవైయేళ్ళు ఆ పని చేసినవానికి దిక్కు అన్నది సహజంగా అబ్బే సంగతి కాదు, ప్రతిసారీ ఆలోచించి నిర్ణయించవలసిన సంగతి.

ప్లేటునుండి కాగితంపై అచ్చు తీసేటప్పుడు మరొక ప్రమాదం ఉండేది. గాజుపలకను వెనుకవైపునుండి ముద్రిస్తే పటం అద్దంలో బొమ్మలాగా తిరగబడుతుంది. దొరల పటాలలో ఈ పొరపాటు కోటు బొత్తాలలోనో దుకాణం పేరుపలకలోనో బయటపడుతుంది. మనవారి పటాలలో దీని పర్యవసానం వేరు. ఎడమ భుజంమీద ఉండవలసిన యజ్ఞోపవీతం కుడి భుజంమీదికి పోతుంది. అది పితృకర్మలలో వేసుకొనే తీరు. ఎడమ భుజంమీద ఉండవలసిన పమిట కుడివైపుకు మారుతుంది. భర్తకు ఎడమవైపు కూర్చున్న భార్య కుడివైపుకు వస్తుంది. కుడియెడమలు మారితే కథే మారిపోతుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు.

ఇక కూర్పు సంగతి. నడిచే మనిషిని, పరుగెత్తే ఎద్దును, సాగే పడవను పటంలో పెట్టేటప్పుడు దాని ముందువైపు జాగా వదలాలన్నది ఛాయాచిత్రకారులు చిత్రకారులనుండి నేర్చుకొన్న నియమం. కృష్ణా కాలువలో పడవను గట్టుమీది మనుషులు తాడుతో లాగుతున్నారనుకుందాం. పడవ ముందు నీరు ఎక్కువగా కనిపించేటట్లు తీస్తే అది ఎక్కడికో పోతున్నట్లు ఉంటుంది. పడవ ముక్కు పటం అంచుకు ఆనితే గోడను ఢీకొన్నట్లు ఉంటుంది. పడవ వెనుక నీరు ఎక్కువగా ఉంటే, చూసేవాని మనస్సు అది వచ్చిన దారివైపుకు పోతుంది, ఎవరినో విడిచి వెళుతున్నట్లు తోస్తుంది. పడవ ఒకటే, లాగేవారు వారే. జాగా ఎటు ఉన్నదనేదే తేడా.

మనిషి కూర్చొని ఉన్న పటంలో సైతం గమనం ఉంటుంది. చూపే ఆ గమనం. పెళ్ళికూతురు పటం బయటికి చూస్తే చూసేవారు అక్కడెవరున్నారని వెతుకుతారు. పటంలోనే ఉన్న మరొకరివైపు చూస్తే వారిద్దరి మధ్య కథ పుడుతుంది. గుంపు ఫొటోలో అందరూ కెమెరానే చూస్తూ ఒకరు మాత్రమే ప్రక్కకు చూస్తే, ఏళ్ళు గడిచాక ఇంట్లోవారు ముందుగా అడిగేది ఆ ఒక్కరి గురించే.

ఎడమనుండి కుడికి చదివే తెలుగువానికి ఎడమనుండి కుడికి సాగే బొమ్మ ముందుకు పోతున్నట్లు, కుడినుండి ఎడమకు వచ్చేది తిరిగివస్తున్నట్లు లేదా ఎదురునిలుస్తున్నట్లు తోస్తుందని అంటారు. ఉర్దూ, పారశీకం చదివేవారికి ఇది తారుమారు కావచ్చు. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844-1905) హైదరాబాదులో తీసిన ఊరేగింపుల పటాలు చూసేటప్పుడు ఇది పరీక్షించుకోవచ్చు. ఏనుగుల వరుస, జనం, కోట గోడ - ఆ పటాలలో ప్రతిదీ నిలిచి ఉన్నది. అయినా ఊరేగింపు ఎటు పోతున్నదో మనకు తెలుస్తూనే ఉంటుంది. ఏనుగులు చిన్నవినుండి పెద్దవిగా, దూరంనుండి దగ్గరకు, ఐమూలగా రావడమే దానికి కారణం. అడ్డంగా సాగే గీత శాంతంగా ఉంటుంది. ఐమూల గీత కదులుతుంది.

ఇంత చేసినా ఒక పటంలో ఉండేది ఒక్క క్షణమే. దానికి ముందు జరిగినది, తరువాత జరుగబోయేది చూసేవాడు ఊహించుకోవలసిందే. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రం దారిపొడవునా వరుసగా కెమెరాలు అమర్చి, ఒక్కొక్క అడుగుకు ఒక్కొక్క పటం తీశాడు. గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలను విడిచే క్షణం ఉంటుందని అందువలన రుజువయింది. మన విషయానికి అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. పటాలను ఒక వరుసలో పెడితే గుర్రం ముందుకు పోతుంది, వరుస త్రిప్పితే వెనుకకు నడుస్తుంది. అప్పటిదాకా దిక్కు పటం లోపలి సంగతి. ఇక్కడ అది పటాల వరుసకు చెందిన సంగతి అయింది. సినిమాకు బీజం అదే.

1895లో ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు తమ సినిమాటోగ్రాఫ్‌ను బహిరంగంగా ప్రదర్శించారు. వారిది లియోన్‌లో ఫొటో ప్లేట్లు తయారుచేసే కర్మాగారం. స్టేషనులోకి రైలు వచ్చే వారి పొట్టి చిత్రం లోకప్రసిద్ధం. రైలును అడ్డంగా కాక, దూరంనుండి ముందుకు ఐమూలగా వచ్చేటట్లు పెట్టడం ఫొటోగ్రాఫరు చేయదగిన ఎంపిక. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటలులో లూమియేర్ చిత్రాలు మన దేశంలో తొలిసారి ప్రదర్శింపబడ్డాయి. కొద్దికాలానికే మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులోను బొమ్మల ప్రదర్శనలు జరిగాయి. 1905లో తిరుచిరాపల్లి రైల్వే ఉద్యోగి సామికణ్ణు విన్సెంట్ ఒక ఫ్రెంచివానివద్ద యంత్రం కొని ఊరూరా తిరిగాడు. మౌంటురోడ్డు ఫొటోగ్రాఫరుకు ఇవన్నీ కూతవేటు దూరంలో జరిగిన సంగతులు.

క్రోనోమెగాఫోన్

1909లో వెంకయ్య క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని గురించి తెలుసుకున్నాడు. ఇది ఫ్రాన్సులోని గోమాన్ కంపెనీ తయారుచేసినది. బొమ్మలు చూపే ప్రొజెక్టరును, గ్రామఫోను పళ్ళెం తిరిగే యంత్రాన్ని కలిపి నడుపుతుంది. హాలంతా వినబడడానికి గాలిని ఒత్తిడితో పంపి ధ్వనిని పెంచుతుంది. పాటను ముందుగా రికార్డు చేసి, ఆ తరువాత నటుడు దానికి పెదవులు కలుపుతుండగా చిత్రం తీసేవారు. నేటి సినిమా పాటల చిత్రీకరణ పద్ధతి ఇదే కావడం విశేషం.

యంత్రం ఖరీదు సుమారు 30,000 రూపాయలు. ఆ రోజులలో అది జమీందారులు ఖర్చుపెట్టే స్థాయి సొమ్ము. వెంకయ్య తన స్టూడియోను, ఆస్తిని తాకట్టు పెట్టి ఈ సొమ్ము సమకూర్చాడు. 1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలు మొదలుపెట్టాడు.

ఈ చిత్రాలు కొద్ది నిమిషాలు నడిచేవి. పాట, నాట్యం, నాటకంలోని ఒక ఘట్టం, ఇటువంటివే. ధ్వనితో జోడీ తప్పకూడదు కనుక నటుడు దాదాపు ఒకేచోట నిలబడవలసి వచ్చేది, కెమెరా కదిలేది కాదు. కదిలే బొమ్మకోసం ఇల్లూవాకిలీ తాకట్టు పెట్టిన మనిషికి దొరికినది పాడుతూ నిలబడిన బొమ్మ. కాని జనం వచ్చారు. బొమ్మ మాట్లాడటం, పాడటం ఆనాటివారికి ఇంద్రజాలం.

గుడారం

వెంకయ్య యంత్రాన్ని ఒకచోట ఉంచలేదు. గుడారం వేసి బెంగుళూరులోను, తెలుగు, తమిళ ప్రాంతాలలోను, ఆపై సింహళం, బర్మా దేశాలలోను ప్రదర్శనలు ఇచ్చాడు. బర్మాలో, ముఖ్యంగా రంగూనులో, తెలుగు కూలీలు, ఉద్యోగులు పెద్దసంఖ్యలో ఉండేవారు. కోరంగివారు అని వారిని పిలిచేవారు.

గుడారంలో పని తేలిక కాదు. కరెంటు లేని ఊళ్ళలో వెలుతురు కల్పించాలి. గాలివానకు గుడ్డ నిలవాలి. మంటకు త్వరగా అంటుకొనే ఆనాటి ఫిలిమును కాపాడుకోవాలి. ఫిలిమును ప్రొజెక్టరులో తలక్రిందులుగా ఎక్కిస్తేగాని తెరపై బొమ్మ సరిగా నిలబడదు. లోపలివైపు బయటికి వచ్చేటట్లు ఎక్కిస్తే కుడియెడమలు మారిపోతాయి. నల్లగుడ్డ క్రింద నేర్చుకొన్న పాఠమే గుడారంలోను పనికివచ్చింది. చిత్రం నడుస్తుండగా కథ చెప్పే వ్యాఖ్యాత ఒకరు తెర ప్రక్కన ఉండటం మూకీల కాలంలో దక్షిణాదిన పరిపాటి. వ్యాఖ్యాత వాడు ఇటు పోతున్నాడు, వీడు అటునుండి వస్తున్నాడు అని చెప్పేది తెరపై దిక్కును చూపించియే. ఈ గుడారపు సంప్రదాయం తరువాత కృష్ణా డెల్టా గ్రామాలలో టూరింగు టాకీసులుగా చాలాకాలం నిలిచింది. దివిసీమ పల్లెలలో పెద్దవయస్సువారికి అటువంటి డేరాలలో నేలటిక్కెట్టుపై కూర్చొని చిత్రాలు చూసిన జ్ఞాపకం ఉంటుంది.

సినిమా హాళ్ళు

ప్రదర్శనలవలన వచ్చిన సొమ్ముతో వెంకయ్య మద్రాసులో గెయిటీ థియేటరు కట్టించాడు. దీని నిర్మాణం 1912 అని కొందరు, 1914 అని కొందరు వ్రాస్తారు. మద్రాసులో భారతీయుడు కట్టిన తొలి సినిమా హాలుగా దీనికి పేరు. తరువాత మింటువీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ థియేటర్లు నెలకొల్పాడు. గ్లోబ్ తరువాతి కాలంలో రాక్సీ అయింది.

ఈ హాళ్ళలో అమెరికా, ఇంగ్లండు చిత్రాలు ఆడేవి. మిలియన్ డాలర్ మిస్టరీ, బ్రోకెన్ కాయిన్ వంటి సీరియల్ చిత్రాలు వాటిలో ఉన్నాయి. ఇవి వారంవారం ఒక భాగంగా, ఉత్కంఠవద్ద ఆగిపోతూ నడిచేవి. మన ప్రేక్షకులకు చలనచిత్ర భాష నేర్పినవి ఇవేనని చెప్పవచ్చు. దొంగ తెర కుడివైపునుండి బయటికి పోతే తరువాతి దృశ్యంలో ఎడమవైపునుండి లోపలికి రావాలి. అప్పుడే అతడు ఒకే దారిలో పోతున్నట్లు. వెంట తరిమేవాడు కూడా అదే దిక్కుకు పరుగెత్తాలి. ఎదురుదిక్కులలో పరుగెత్తే ఇద్దరిని ఒకరి తరువాత ఒకరిని చూపితే వారు కలుసుకోబోతున్నారని అర్థం. అక్షరం రానివారికి కూడా ఈ వ్యాకరణం కొద్ది వారాలలో పట్టుబడింది. ఇంగ్లీషు టైటిళ్ళు చదవలేకపోయినా వారు కథను దిక్కులనుబట్టి చదువుకున్నారు.

ఒక ఫొటో పటంలో జాగా ఎటు వదలాలి అన్న ప్రశ్నే ఇక్కడ మరొక రూపంలో వచ్చింది. ఒక దృశ్యంలో వదిలిన జాగాను తరువాతి దృశ్యం నింపుతుంది. నిశ్చలచిత్రంలో చూసేవాని ఊహకు వదిలిన భాగాన్ని చలనచిత్రం తానే చూపుతుంది. ఇది లాభమా నష్టమా అన్నది వేరే చర్చ. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో మంచి ఫొటో వదిలేసినంత చోటు మంచి సినిమా సాధారణంగా వదలదు.

స్టార్ ఆఫ్ ది ఈస్ట్

మన దేశంలో 1913లో దాదాసాహెబ్ ఫాల్కే రాజా హరిశ్చంద్ర విడుదలచేశాడు. ఫాల్కే కూడా ఒకప్పుడు గోధ్రాలో ఫొటో స్టూడియో నడిపినవాడే. పెట్టుబడిదారులను నమ్మించడానికి 1912లో ఆయన తీసిన చిన్న చిత్రం ఒక బఠానీ మొక్క పెరగడం. కంటికి కనబడని కదలికను కంటికి చూపడం ఫొటోగ్రాఫరుకు తట్టవలసిన ఆలోచన. దక్షిణాదిన నటరాజ మొదలియారు మద్రాసులో కీచకవధం (1918) తీశాడు. పరాయివారి చిత్రాలు ఆడిస్తున్న వెంకయ్య కూడా సొంతచిత్రం తీయాలని సంకల్పించాడు.

ఆయన తానే కెమెరా పట్టలేదు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు. కుమారుడు సూర్యప్రకాష్‌ను చలనచిత్ర ఛాయాగ్రహణం నేర్చుకోవడానికి ఇంగ్లండుకు పంపాడు. ప్రకాష్ అక్కడ బార్కర్ సంస్థలో శిక్షణ పొంది, ఇతర దేశాలలోని స్టూడియోలు కూడా చూసి, 35 మి.మీ. కెమెరాతో తిరిగివచ్చాడు. తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే సంస్థను స్థాపించి మద్రాసులో స్టూడియో కట్టారు. ఎండవెలుతురే దీపం కనుక పైకప్పు గాజుతో ఉండేది. గ్లాస్ స్టూడియో అని దానికి వాడుకపేరు.

1921లో వారు నిర్మించిన భీష్మ ప్రతిజ్ఞ తెలుగువారు తీసిన తొలి మూకీ చిత్రంగా పరిగణింపబడుతుంది. ప్రకాష్ దర్శకత్వం వహించి భీష్మ పాత్ర ధరించాడు. గంగ పాత్రను పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో-ఇండియన్ నటి ధరించింది. ఆనాడు మన కుటుంబ స్త్రీలు తెరకు రావడానికి సిద్ధంగా లేరు.

కథ ఎంపిక ఆలోచించదగినది. దేవవ్రతుడు తండ్రి కోరిక తెలుసుకొని దాశరాజువద్దకు వెళతాడు, రాజ్యం వదులుకుంటానని, పెండ్లాడనని ప్రతిజ్ఞ చేస్తాడు, సత్యవతిని తండ్రివద్దకు తెస్తాడు. కథ కేవలం ఒక పోక, ఒక రాక. మధ్యలో ఒక మాట. మూకీ చిత్రంలో ఆ మాటే వినబడదు. చేయి ఎత్తడం, ముఖం త్రిప్పడం, టైటిలు అట్ట, వీటితోనే చెప్పాలి. మహాభారతం తెలిసిన ప్రేక్షకులకు మాట వినబడకపోయినా లోటు లేదు. పౌరాణికాలే మొదట తీయడానికి భక్తి ఒక్కటే కారణం కాదు, కథ ముందే తెలిసి ఉండటం కూడా కారణం.

భీష్మ ప్రతిజ్ఞ ప్రతి నేడు లభ్యం కాదు. దక్షిణాది మూకీలలో దాదాపు అన్నీ ఇట్లాగే నశించాయి. అందుచేత ఆ చిత్రంలో దృశ్యాల కూర్పు ఎట్లా ఉన్నదో, స్టూడియోలో వెంకయ్యకు అలవడిన దృష్టి కొడుకు కెమెరాలో ఎంత కనిపించిందో చెప్పే వీలు లేదు. చెప్పగలిగినదల్లా ఆ స్టూడియోలో పనినేర్చినవారి గురించి. కాకినాడకు చెందిన చిత్తజల్లు పుల్లయ్య (సి.పుల్లయ్య) అక్కడ ప్రకాష్‌వద్ద పనిచేసి, సొంత ఊరికి తిరిగివెళ్ళి 1920వ దశకంలోనే భక్త మార్కండేయ అనే మూకీ తీశాడు. 1934లో లవకుశ తీసినది ఆయనే.

నష్టాలు, తరువాతి జీవితం

స్టార్ ఆఫ్ ది ఈస్ట్ మరికొన్ని పౌరాణిక మూకీలు తీసింది. వ్యాపారం కలిసిరాలేదు. చిత్రనిర్మాణానికి వెచ్చించిన సొమ్ము తిరిగిరాక అప్పులు పెరిగాయి, సంస్థ మూతబడింది. కట్టించిన హాళ్ళు కూడా చేయి జారాయి. యంత్రం కొనడానికి చేసిన సాహసం ఫలించింది కాని చిత్రాలు తీయడానికి చేసిన సాహసం ఫలించలేదు. ఈ రెండింటికీ తేడా ఏమిటంటే, మొదటిదానిలో చిత్రం వేరొకరిది, యంత్రం తనది. పోటీలేని చోట ఆ యంత్రం పదేళ్ళు అన్నం పెట్టింది. రెండవదానిలో చిత్రం తనదే, కాని దానిని ఊరూరా చేర్చే పంపిణీ వ్యవస్థ ఇంకా ఏర్పడలేదు. తాను నాటిన వ్యాపారంలోనే తనకంటె పెద్ద పెట్టుబడులు ప్రవేశించాయి.

ప్రకాష్ ఇతర సంస్థలలో దర్శకుడుగా, ఛాయాగ్రాహకుడుగా కొనసాగాడు. మొక్కపాటి నరసింహశాస్త్రి హాస్యనవల ఆధారంగా వచ్చిన బారిస్టర్ పార్వతీశం (1940) ఆయన దర్శకత్వంలోనిదే. 1956లో మరణించాడు.

వెంకయ్య 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలయ్యేనాటికి అరవైలలో ఉన్నాడు. ఇరవైయేళ్ళ క్రితమే ఆయన విక్టోరియా హాలులో మాట్లాడే బొమ్మలు చూపి ఉన్నాడు. 1941 మార్చి 15న, 71 ఏళ్ళ వయస్సులో మరణించాడు.

పితామహుడు అన్న పేరు

వెంకయ్యను తెలుగు సినిమా పితామహుడు అనడంపై అభ్యంతరాలు లేకపోలేదు. ఆయన పని మద్రాసులో జరిగింది. తీసినవి మూకీలు కనుక వాటికి భాష లేదు. దర్శకత్వం ఆయనది కాదు, కొడుకుది. ఈ అభ్యంతరాలు సహేతుకమే. కాని చిత్రాన్ని చూపే యంత్రం, చూపే చోటు, తీసే సంస్థ, తీసే మనిషి, ఈ నాలుగింటినీ సమకూర్చిన తొలి తెలుగువాడు ఈయనే. ఇందులో మొదటి మూడింటికి సొమ్ము తెచ్చినది, మౌంటురోడ్డులో మనుషులను కదలకుండా కూర్చోబెట్టి పటాలు తీసిన ఆ స్టూడియో.

కృష్ణా డెల్టా ఆ తరువాత సినిమాకు ఎందరినో ఇచ్చింది. గుడివాడ ప్రాంతపు అక్కినేని నాగేశ్వరరావు, నిమ్మకూరుకు చెందిన నందమూరి తారక రామారావు, కౌతవరానికి చెందిన కైకాల సత్యనారాయణ అందరికీ తెలిసినవారు. వారందరికంటె ముందు బందరునుండి వెళ్ళినవాడు వెంకయ్య.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెలుగు సినిమాకు జీవితకాల సేవ చేసినవారికి ఈయన పేరిట రఘుపతి వెంకయ్య పురస్కారాన్ని ఏర్పరచింది. 1980లో తొలి పురస్కారాన్ని ఎల్.వి.ప్రసాద్ అందుకున్నాడు. ఆలం ఆరా, కాళిదాస్, భక్త ప్రహ్లాద - హిందీ, తమిళ, తెలుగు భాషలలో తొలి టాకీలైన ఈ మూడింటిలోను నటించినవాడు ప్రసాద్.